అంగుళం మాస్టారి కారు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. అంగుళం మాస్టారు అంటేనే ఇల్లు చూపిస్తారు. ప్యాంటు కుట్టినా కోటు కుట్టినా లోపల కుట్టు పక్కన నిండుగా అంగుళం గుడ్డ వదిలేవాడు. మిగతా దర్జీలు గుడ్డలో ఎంత మిగుల్చుకుందామా అని చూస్తుంటే, ఈయన మనుషుల పొట్టల మీద నమ్మకం పెట్టుకుని బతికాడు. "మనిషన్నాక ఒళ్లు చేస్తాడు. అప్పుడు బట్టని తిట్టుకోకూడదు కదా" అనేవాడు. ఈ ధర్మబుద్ధి వల్ల బాగుపడింది గిరాకీలే. ఒక్క కోటు కుట్టించుకుని, దాన్నే మళ్లీ మళ్లీ వదులు చేయించుకుంటూ జీవితం వెళ్లదీసిన మహానుభావులు ఆ వీధిలో ఉన్నారు.

ఇంటి ముందుగదే దుకాణం. సగం గదిని కోతబల్ల మింగేస్తే, మిగతా సగంలో కిటికీ దగ్గర కాలితో తొక్కే మిషను. దాని మీద ఆయన తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. మిషను ఒక్క చేతికే అలవాటు పడాలని, చేతులు మారితే కుట్టు తప్పుతుందని ఆయన సిద్ధాంతం. దాన్ని మరే దర్జీ ఒప్పుకున్నట్టు లేదు. భార్యది కాజాలు, గుండీలు, చివర్న ఇస్త్రీ. అందుకే వీధి ఆమెకు కాజాలక్క అని పేరు పెట్టింది. పెళ్లికి ముందు ఆమె యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో నాలుగేళ్లు మిషను తొక్కింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాస్టారు "అది కుట్టేంటి, గోనెసంచి మూతి బిగించడం" అని కొట్టిపారేసేవాడు. ఆమె ఎన్నడూ వాదించలేదు. వాదించకపోవడం ఒప్పుకోవడం కాదని అన్నేళ్ల కాపురంలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఒక చలికాలం ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసులో తెలిసింది, తర్వాత సూది కింద తెలిసింది. డాక్టరు చూసి మాత్రలు రాసి, కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోయే రకం కాదని మెల్లగా చెప్పాడు. మాస్టారు మాత్రలు మింగాడు గానీ ఆ మాట మింగలేకపోయాడు. కుట్టు అంచుకు దూరం జరిగి, మళ్లీ దగ్గరికొచ్చి, తాగినవాడి నడకలా పోతుంటే ఆయనకు ప్రాణం చచ్చిపోయేది. ఒకరోజు మిషను ఆపేసి భార్యవైపు తిరిగాడు.

"నా కుట్టు వంకరపోయిందని ఒక్క గిరాకీ అన్నా సరే, ఆ రోజుతో ఈ కొట్టు మూసేస్తాను. ఆ తర్వాత నేనెందుకున్నానో నాకే తెలీదు."

ఆమె దారం పంటితో తెంపుతూ విన్నది. అంతకు రెండు రోజుల ముందే ఒక గిరాకీ చొక్కా తీసుకుంటూ కాలరు వెంబడి వేలితో రాసి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోవడం ఆమె చూసింది. ఇవాళ కాకపోతే రేపు ఎవడో ఒకడు నోరు తెరుస్తాడని ఆమెకు తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లో కారు దిగింది. పళ్ల డాక్టరని ఒక పాత గిరాకీ పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఇంట్లోకి మారుతూ, కోటు కావాలని కబురు పెట్టాడు. కొలతలకు వెళ్లిన మాస్టారికి షెడ్డులో పాత దుప్పట్ల కింద ఒక కారు కనిపించింది. అది కదిలి ఇరవై ఏళ్లు దాటిందట. టైర్లు నేలకు అతుక్కుపోయాయి, అడుగురేకు తుప్పుపట్టి జల్లెడయింది, ఎలుకలు సీట్ల స్పాంజి పీకి కాపురాలు పెట్టాయి. మర్నాడు తుక్కువాడొచ్చి ముక్కలు చేసి పట్టుకుపోతాడని డాక్టరు చెప్పాడు. మాస్టారి కంటికి తుప్పు ఆనలేదు, కోత ఆనింది. గుండ్రంగా దిగిన భుజాలు, ముందు నుంచి వెనక్కి ఎక్కడా తెగకుండా నడిచిన ఒకే గీత, నడుము దగ్గర అది కాస్త లోపలికి నొక్కుకున్న తీరు. "దీన్ని కోసినవాడెవడో మంచి కట్టరు" అన్నాడు. తుక్కువాడు ఇచ్చేదే తాను ఇస్తానని, కోటు కుట్టుకూలి అక్కర్లేదని, అక్కడికక్కడే బేరం తెంపేశాడు.

ఇంటికి నడిచేటప్పుడు గానీ భార్య గుర్తుకు రాలేదు. ఇరుగుపొరుగు కూడా యుద్ధం కోసమే ఎదురుచూశారు. పాత గుండీ కూడా పారేయని పొదుపరి, డబ్బు పోసి కొన్న పాత కారును గుమ్మం తొక్కనిస్తుందా? ఆమె చేతిలోని సూది ఆపి, "తెచ్చుకోండి" అంది. "పొద్దున కుట్టు పని చూసుకోండి. మధ్యాహ్నం నుంచి దాని దగ్గరే ఉండండి. చేతికి బరువు పని తగిలితే మంచిదేమో."

ఇన్నేళ్లకు తన మనసు తెలిసిన భార్య దొరికిందని మాస్టారు పొంగిపోయాడు. అదే భార్య, అదే ఇల్లు, కొత్తగా దొరకడానికి ఏముంది అని మనం అడగొచ్చు గానీ, పొంగినప్పుడు మనిషికి లెక్కలు గుర్తుండవు.

ఇంటి పక్కన వానకు తడవకుండా వేసిన రేకుల పంచలోకి వీధివాళ్లు కారును తోసుకొచ్చారు. తోసినందుకు టీ తాగారు, టీ తాగినందుకు సలహాలిచ్చారు. ఇంజను బిగుసుకుపోయింది కాబట్టి దండగన్నాడొకడు. ఈ వయసులో ఈయనకు కారెందుకని నిట్టూర్చింది ఇంకొకావిడ. కందకు లేని దురద కత్తిపీటకెందుకని కాజాలక్క ఆవిణ్ణి అక్కడే ఆపేసింది.

ఎదురుగా రేడియేటర్లు బాగుచేసే ఆయన మాత్రం పనికొచ్చే మాట చెప్పాడు. ఆ మాట ప్రకారం మాస్టారు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో నూనె పోసి నానబెట్టాడు. రోజూ ఇంజను ముందున్న చక్రం పట్టి కాస్త ముందుకి, కాస్త వెనక్కి ఊపేవాడు. విప్పిన ప్రతి బోల్టుకూ గిరాకీ బట్టకు కట్టినట్టే చీటీ కట్టి, ఖాళీ దారపు పెట్టెల్లో వరసగా పెట్టాడు. 'ఎడమ తలుపు పైది', 'ఎడమ తలుపు కిందిది, గుండు అరిగింది.' కొత్త సామాను కొనే స్తోమత లేదు. తుక్కు కొట్ల చుట్టూ తిరిగి ఒకచోట అద్దం, ఒకచోట దీపం గిన్నె, ఇంకోచోట వైపరు మోటారు ఏరుకొచ్చాడు. సరిపోని వాటిని ఆకురాయితో అరగదీసి ఒప్పించాడు. బ్రేకుల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదని తనే నిర్ణయించుకుని, ఆ పని తెలిసిన మెకానిక్కు అప్పజెప్పే తాహతు వచ్చేదాకా ఆగాడు.

అడుగురేకు దగ్గర మాత్రం ఆయన వృత్తి ఆయన పరువు తీసింది. చిల్లులు పడ్డ భాగాలకు ఖాకీ కాగితం పరిచి, సుద్దతో గీసి, కోటుకు కోసినట్టే నమూనాలు కోశాడు. చూడముచ్చటగా ఉన్నాయి. వాటి ప్రకారం రేకు కోయించి, వెల్డింగు పని చేసే బావమరిదిని పిలిచాడు. బావమరిది ఒక ముక్క ఎత్తి పెట్టి చూశాడు, ఇంకొకటి పెట్టి చూశాడు. అన్నీ నాలుగువైపులా సరిగ్గా అంగుళం పెద్దవి.

"బావా, ఈ అంగుళం ఎందుకు?"

"కుట్టుకి" అన్నాడు మాస్టారు. అన్నాక గానీ ఆయనకు వెలగలేదు.

"రేకు ఒళ్లు చేస్తుందనుకున్నావా?" అని బావమరిది నేల మీద చతికిలబడి నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ లోపలికి కేకేశాడు. "అక్కా, మీ ఆయన కారుకి కూడా పొట్ట వస్తుందంటున్నాడు."

అడుగున అయితే రేకు మీద రేకు ఎక్కినా ఫరవాలేదని అక్కడ అలాగే అతికాడు. తలుపుల కింద పైకి కనిపించేచోట మాత్రం ఆ అంగుళాలన్నీ కోసి పారేయాల్సి వచ్చింది. వీధిలో నెల్లాళ్లు అదే ముచ్చట. మాస్టారు నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకు ఆ నవ్వులేవీ తగల్లేదు, ఎందుకంటే లోపల ఒక పెద్ద సంతోషం నడుస్తోంది. చెయ్యి బాగుపడుతోంది.

అలా అని ఆయన గట్టిగా నమ్మాడు. పానా బిగించి పట్టుకుంటే చెయ్యి వణకడం లేదు. కత్తెర పట్టుకున్నా అంతే. మిషను దగ్గర ఇంకా కాస్త అదురు ఉన్నమాట నిజమే, కుట్టేటప్పుడు వంకర పోయినట్టే అనిపించేది. కానీ గుండీలు, ఇస్త్రీ అయి కొక్కేనికి వేలాడే బట్ట చూస్తే కుట్టు గీత గీసినట్టు ఉండేది. సగం దర్జీతనం ఇస్త్రీలో ఉంటుందని ఆయనకు గురువు నేర్పిన పాఠం. ఆవిరి తగిలితే ముడతలు విడతాయి, కుట్టు సర్దుకుంటుంది. అనిపించిన వంకర అంతా తన భయమేనని, పానాలు తిప్పి తిప్పి నరాలు గట్టిపడ్డాయని ఆయన తీర్మానించుకున్నాడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, రేడియేటర్ల ఆయనకు చెప్పాడు, చివరికి మాత్రలు రాసిన డాక్టరుకు కూడా చెప్పాడు. "కారే నా మందు" అనేవాడు. కాజాలక్క పక్కన ఉంటే తల ఊపేది.

ఒక సాయంత్రం ఇంజను రెండుసార్లు దగ్గి, పంచ నిండా పొగ కక్కి, అందుకుంది. నవ్విన నాపచేనే పండుతుందని రేడియేటర్ల ఆయన వీధంతా చాటాడు. తర్వాత బ్రేకులయ్యాయి, రంగయింది. దగ్గరికెళ్లి చూస్తే కుంచె గీతలు కనిపించే రంగే, కానీ దగ్గరికెళ్లి చూసేవాడిని మాస్టారు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఇక మిగిలింది సీట్లు. ఇది ఎవరి సాయమూ అక్కర్లేని పని. సీట్లు తన చేత్తో కుట్టి కారు బయటికి తీస్తే, చెయ్యి గురించి తనకున్న ఆఖరి అనుమానం కూడా తీరిపోతుందని ఆయన ఆశ.

ముదురు గోధుమరంగు రెక్సీన్ తెచ్చాడు. మిషనుకు లావు సూది ఎక్కించి, ఒక పొద్దున వెనక సీటు మీద నిలువు గీతలు కుట్టాడు. గీతల మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుట్టేటప్పుడు ఎప్పటిలాగే తేడాగా అనిపించింది. ఎప్పటిలాగే, తర్వాత సర్దుకుంటుందనుకుని బల్ల మీద పెట్టేసి, భోజనం చేసి, పంచలోకి వెళ్లిపోయాడు. మర్నాడు దాన్ని స్పాంజికి తొడుగుదామని వెలుతురులోకి తెచ్చి చూశాడు.

గీతలు నిటారుగా ఉన్నాయి. ప్రతి గీత పక్కనా, అటూ ఇటూ ఊగుతూ, ఇంకో చిల్లుల వరస ఉంది.

గుడ్డ మీద కుట్టు విప్పి ఇస్త్రీ పెడితే సూది పోట్లు మూసుకుపోతాయి. రెక్సీన్ మీద పడిన పోటు మూసుకోదు. ఆ తాగినవాడి నడక అంతా అలాగే నిలిచి ఉంది. ఒక మూల గుండ్రంగా మెరుపు పోయి, పొంగి కూడా ఉంది. ఎవరో గుడ్డ అడ్డం పెట్టి ఇస్త్రీ పెట్టె ఆనించి, కాలుతుంటే తీసేసినట్టున్నారు.

మాస్టారు కుట్టు చివర్లు చూశాడు. ఆయన కుట్టు ముగించేటప్పుడు రెండు పోట్లు వెనక్కి వేస్తాడు. ఇక్కడ మూడున్నాయి. ఫ్యాక్టరీల్లో యూనిఫారాలకు మూడేస్తారు. ఆయన గదిలోకి వెళ్లి, గిరాకీల కోసం వేలాడుతున్న బట్టలు ఒక్కొక్కటీ తిరగేశాడు. చొక్కా భుజాలు, ప్యాంటు తొడకుట్లు, చేతుల చివర్లు. అన్నిటికీ మూడు. తన రెండు పోట్ల ముగింపు కోసం వెతుకుతూ వెతుకుతూ ఆఖరి ప్యాంటు దాకా వెళ్లి, అక్కడ నిలబడిపోయాడు.

వంటగదిలో ఆమె గిన్నెలు కడుగుతోంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు గుమ్మంలోంచి.

ఆమె తెలియనట్టు నటించలేదు. కుళాయి కట్టేసింది. "కారు వచ్చినప్పటి నుంచి."

"అన్నీనా?"

"అన్నీ కాదు. కొన్ని మీరు బాగానే కుట్టారు." చేతిలోని గిన్నె బోర్లించి, "మొదట్లో" అంది.

"అంటే, కారు తెచ్చుకోండి అన్నది..."

"మీరు గదిలో ఉంటే నాకు మిషను ఎలా దొరుకుతుందండీ? మధ్యాహ్నం మీరు అటు వెళ్లగానే తలుపేసుకుని, మీ సుత్తి చప్పుడు చాటున విప్పి కుట్టేదాన్ని. గుడ్డ అయితే తెలిసేది కాదు. ఈ రెక్సీన్ సంగతి నాకు తెలీదు. చిల్లులు పోతాయేమోనని ఇస్త్రీ కూడా పెట్టాను."

మాస్టారికి ముందు కోపం వచ్చింది, దాని వెనకే సిగ్గు వచ్చింది. వీధి వీధికీ తిరిగి చెయ్యి బాగుపడిందని చాటుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ప్రతిసారీ ఆమె తల ఊపడం గుర్తొచ్చింది. అన్నిటికన్నా లోతుగా, ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన ఆ భయం వచ్చి ఎదురుగా కూర్చుంది. చెయ్యి బాగుపడలేదు. బాగుపడదు.

"ఇక నేను దేనికి పనికొస్తాను?" అన్నాడు.

"కత్తెర పట్టుకుంటే మీ చెయ్యి వణకదు. రోజూ చూస్తున్నాను. మీరు కోసినట్టు నేను కోయలేను. ఎందుకైనా మంచిదని నేర్చుకుందామనుకుని రెండు పాత దుప్పట్లు పాడుచేశాను కూడా. కోత రాదు నాకు."

ఆ మాట మందులా పనిచేసిందని రాస్తే బాగుండును గానీ, చేయలేదు. మాస్టారు రెండు రోజులు కొట్టు తలుపు తీయలేదు. కారు దగ్గరికీ పోలేదు. ఒకసారి గదిలోకి వెళ్లి, మిగిలిన రెక్సీన్ ముక్క మీద ఒక్క గీత, ఒకే ఒక్క గీత తిన్నగా కుట్టాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ముక్క నిండిపోయింది, గీత రాలేదు. ఆమె వంటగదిలోంచి మిషను చప్పుడు ఆగడం, మొదలవడం, ఆగడం వింటూ ఉండిపోయింది. లోపలికి వెళ్లే ధైర్యం ఆమెకు కూడా లేకపోయింది.

మూడోరోజు పళ్ల డాక్టరు వచ్చాడు. కారుకు రంగు వేశారని ఎవరో చెప్పారట. మాస్టారి దగ్గర కుట్టించుకున్న కోటు తొడుక్కునే వచ్చాడు. పంచలో కారు చుట్టూ తిరిగి, తలుపు తెరిచి మూసి, ఆ చప్పుడుకు కళ్లు చెమర్చి, దుకాణంలోకొచ్చి కూర్చున్నాడు. కాజాలక్క మూల నిలబడి ఇస్త్రీ చేస్తోంది.

"చేతులంటే మీవి, మాస్టారూ. తుక్కు కావాల్సిన దాన్ని మళ్లీ మనిషిని చేశారు. ఇదిగో, ఈ కోటు వేసుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, ఎవరు కుట్టారని. ఈ వయసులో ఇంత తిన్నని కుట్టు నేనెక్కడా చూడలేదు."

ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. నవ్వి ఊరుకుంటే సరిపోయేది. ఆమె అదే కోరుకుంది, ఎనిమిది నెలలు ఆమె కష్టపడిందే అందుకు. మాస్టారు కోటు భుజం వైపు చూశాడు. గుడ్డ ఎక్కడా పట్టకుండా, ఎక్కడా జారకుండా దిగింది. ఆ కోత తనదే. దాని వెంబడి పోయి మూడు పోట్లతో ముగిసిన దారం తనది కాదు.

"కోత నాది, డాక్టరుగారూ. కుట్టు మా ఆవిడది. నా చెయ్యి కుట్టుకు పనికిరాదిక. ఈ కోటే కాదు, ఆ తర్వాత ఈ కొట్టులోంచి వెళ్లిన దాదాపు ప్రతి బట్టా ఆవిడ కుట్టిందే. నేనే కుట్టానని చెప్పుకు తిరిగాను."

అన్నాక ఆయన తల వంచుకున్నాడు. ఇక కొట్టు మూసే రోజు వచ్చేసిందనే ఆయన అనుకున్నాడు. డాక్టరు తన కోటు చెయ్యి మడతపెట్టి లోపలి కుట్టు చూసుకుని, కాజాలక్క వైపు తిరిగాడు.

"అయితే అమ్మా, దీని మీదకి రెండు ప్యాంట్లు కావాలి. ఎప్పటికిస్తారు?"

ఆమె మొగుడి వైపు చూసింది.

"నన్ను చూస్తావేంటి, ఆయన అడిగింది నిన్ను" అన్నాడు మాస్టారు.

"వచ్చే వారం రండి" అంది ఆమె. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మళ్లీ అంది. "వారం చివర్లో. ముందు కారు సీట్లున్నాయి."

డాక్టరు వెళ్లాక మాస్టారు కొత్త రెక్సీన్ బల్ల మీద పరిచి, కొలిచి, కోసి, ముక్క తెచ్చి మిషను మీద పెట్టాడు. సూది మార్చాడు. పక్కకు జరిగి, "కూర్చో" అన్నాడు.

ఆమె వచ్చి కూర్చుంది. మొదటిసారి ఆయన కళ్లెదుట కూర్చుంది కాబట్టి ఆమె ఎలా కూర్చుంటుందో కూడా ఆయన అప్పుడే చూశాడు. స్టూలు అంచు మీద, ముందుకు జారి, కాలి మునివేళ్లు మాత్రం తొక్కుడు పలకకు ఆనించి కూర్చుంది. ఆయన ఎత్తుకు చేయించుకున్న స్టూలు అది.

"అలా ఎలా తొక్కుతావే?"

"ఇన్నాళ్లూ ఇలాగే తొక్కాను. ఎత్తెక్కువ. సాయంత్రానికి నడుం పట్టేసేది."

"చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్పనండీ?" అంది ఆమె.

మాస్టారు పంచలోకి వెళ్లి రంపం తెచ్చాడు. ఆమెను లేచి నిలబడమని, నేల నుంచి ఆమె మోకాలి దాకా టేపు పెట్టి కొలిచి, స్టూలు తిరగేసి నాలుగు కాళ్ల మీదా సుద్దతో గుర్తు పెట్టాడు. గట్టిగా పట్టుకోవడం వల్ల రంపం వణకలేదు. ఆయన కోస్తున్నంతసేపూ ఆమె రెక్సీన్ ముక్క చేత్తో పట్టుకుని, స్టూలు కోసం ఎదురుచూస్తూ మిషను పక్కన నిలబడింది.